అబ్రహాం ఇబ్న్ ఎజ్రా : ఉజ్జయినీ గణితమునకు ఒక హీబ్రూ సాక్షి

భారతీయ గణిత జ్యోతిషములు అరబ్బు దేశములకును, అచ్చటినుండి పశ్చిమ దేశములకును వ్యాపించిన క్రమమును గూర్చి మన పత్రికలలో వ్యాసములు తఱచుగా వెలువడుచుండును. వానిలో ఒక కథ పలుమాఱులు కనబడును. కంకుడను భారతీయ పండితుడు అరబ్బు రాజు సభకు పోయి, అచ్చటి వారికి తొమ్మిది అంకెలను నేర్పెనన్నది ఆ కథ. దీనిని ఉదాహరించువారు పెక్కురు. కాని దీనిని ఎవరు వ్రాసిరి, ఏ భాషలో వ్రాసిరి, ఏ గ్రంథమునకు పీఠికగా వ్రాసిరి అను విషయములను చెప్పువారు అరుదు. వ్రాసినవాడు స్పెయిన్ దేశపు యూద పండితుడు అబ్రహాం ఇబ్న్ ఎజ్రా. భాష హీబ్రూ. సంవత్సరము క్రీ.శ. 1160. గ్రంథము అల్ ఖ్వారిజ్మీ గ్రహగణిత పట్టికలపై ఇబ్న్ అల్ ముసన్నా అను పండితుడు అరబ్బీలో రచించిన వ్యాఖ్యానమునకు అనువాదము.

ఆ పీఠికలోని కథ చరిత్రగా నిలుచునది కాదు. ఆ పీఠిక వెనుకనున్న అనువాదము మాత్రము బ్రహ్మగుప్తుని గణితము చేసిన ప్రయాణమునకు మనకు మిగిలిన గట్టి సాక్ష్యములలో ఒకటి. మనవారు కథను పట్టుకొని గ్రంథమును విడిచిరి. సాక్ష్యమెక్కడ ఉన్నదో చూపవలెనన్న తలంపుతో ఈ వ్యాసము వ్రాయబడుచున్నది.

జీవిత విశేషములు

ఇబ్న్ ఎజ్రా ఉత్తర స్పెయిన్‌లోని తుదేలా నగరమున 1089 ప్రాంతమున జన్మించెను. 1092 అనువారును కలరు. అప్పటికి ఆ నగరము ముస్లిము ప్రభువుల ఏలుబడిలో ఉండెను. 1119లో క్రైస్తవ రాజైన అరగాన్ అల్ఫోన్సో దానిని జయించెను. అరబ్బీ అతనికి విద్యాభాష, హీబ్రూ మతభాష. యౌవనమును, నడివయస్సును అతడు స్పెయిన్‌లోనే గడపెను. యూదా హలేవీ అను మహాకవి అతనికి మిత్రుడు. అప్పటికి అతనికి కవిగా పేరు కలదు. నేడు మనకు తెలిసిన శాస్త్రగ్రంథములలో ఒకటియు అప్పటిది కాదు.

1140లో, ఏబదియేండ్లు దాటిన వయస్సున, అతడు స్పెయిన్ విడిచి రోమ్ నగరము చేరెను. అటుపిమ్మట మరణపర్యంతము అతనికి స్థిర నివాసము లేదు. లుక్కా, మాంటువా, వెరోనా, బెజియేర్, నార్బోన్, రువాన్, లండన్ అతడు నివసించిన ఊళ్లు. 1158లో లండన్ నగరమున ఉన్నట్లు అతని రచనలే చెప్పుచున్నవి. అతని గ్రంథములన్నియు దాదాపుగా ఈ పాతికేండ్ల సంచారకాలమునకు చెందినవి. ఈ నడుమ అల్ మొహాద్ వంశీయుల దండయాత్రలవలన దక్షిణ స్పెయిన్‌లోని యూద సమాజములు నాశనమాయెను. ఆ నగరములను పేరు పేరున తలచి అతడొక విలాపగీతము రచించెను. కుమారుడు ఐజాక్ కవియై తూర్పు దేశములకు పోయి అచ్చట ఇస్లాము మతము స్వీకరించెను. అతని మరణము 1164లోనని కొందఱు, 1167లోనని కొందఱు చెప్పుదురు.

ఊరూర పోషకులను వెదకికొనుచు అతడు జీవించెను. సంస్థానములు తిరిగి సన్మానములు పొందిన మన పండితులను తలచుకొన్నచో ఆ జీవనము మనకు క్రొత్త కాదు. దీని ఫలము అతని గ్రంథములందును కనబడును. ఒక ఊరిలో రచించిన గ్రంథము ప్రతి అతనివద్ద మిగులదు. మఱియొక ఊరిలో మఱియొక పోషకుడు కోరగా అదే విషయమును మరల వ్రాయును. అందువలన అతని జ్యోతిష గ్రంథములలో పెక్కింటికి రెండేసి పాఠములు లభించుచున్నవి. వీనిని లేఖక దోషములని భ్రమపడరాదు. రెండును అతని రచనలే. తన దురదృష్టమును తానే హాస్యముగా చెప్పికొనిన చిన్న పద్యము అతనిది మిక్కిలి ప్రసిద్ధము. గ్రహఫలములను విస్తరించి వ్రాసినవాడు తన జాతకమును అట్లు పరిహసించుకొనుట చదువరికి సంతోషము కలిగించును.

అనువాదకుడు

ఇటలీ, ఫ్రాన్స్ దేశములలోని యూదులకు అరబ్బీ రాదు. స్పెయిన్ యూదులు రెండు శతాబ్దులుగా అరబ్బీలో అభ్యసించిన వ్యాకరణ, గణిత, జ్యోతిషములు వారికి మూసిన పెట్టెలు. ఆ పెట్టెలను తెఱచుటయే ఇబ్న్ ఎజ్రా సంచారమునకు ప్రయోజనమాయెను. రోమ్ చేరగనే అతడు హీబ్రూ వ్యాకరణము వ్రాసెను. హీబ్రూ ధాతువులు త్ర్యక్షరములని నిరూపించిన హయ్యూజ్ పండితుని అరబ్బీ గ్రంథములను హీబ్రూలోనికి పరివర్తించెను. అటుపిమ్మట బైబిల్ వ్యాఖ్యానములు, అస్త్రలాబ్ యంత్రముపై 1146లో గ్రంథము, 1148లో బెజియేర్ నగరమున ‘జ్ఞానారంభము’ అను జ్యోతిష గ్రంథము, పంచాంగ గణనపై మఱియొకటి రచించెను. పీసా నగరపు రేఖకు గణించిన గ్రహపట్టికలను వివరించు లాటిన్ గ్రంథమొకటి కూడ అతనిదిగా ఎంచబడుచున్నది. అతనికి ముందు బార్సిలోనా వాసియైన అబ్రహాం బార్ హియ్యా హీబ్రూలో ఖగోళ గ్రంథములు వ్రాసియుండెను. మార్గము వేసినవాడు బార్ హియ్యా. ఆ మార్గమున దూరదేశములకు పోయినవాడు ఇబ్న్ ఎజ్రా.

శాస్త్ర పరిభాష విషయమున అతని పద్ధతి మన అనువాదకులు గమనింపదగినది. అరబ్బీ పదములను యథాతథముగా తెచ్చుటకు అతడు ఇష్టపడడు. బైబిల్‌లో ఉన్న పాతమాటను వెదకి, దానికి క్రొత్త అర్థమును అంటగట్టును. వృత్తకేంద్రమునకు అతడు వాడిన ‘మూత్సక్’ అను మాట అట్టిది. గ్రహములకు అతడు పెట్టిన పేరు ‘మెషారెత్’, అనగా సేవకుడు. సూర్యచంద్రాదులు ఏడుగురు సేవకులు. ఒక్క మాటతో వాని స్వాతంత్ర్యము పోయి, పైన ఒక యజమాని ఏర్పడెను. మన ‘గ్రహ’ శబ్దమునకు పట్టుకొనునది అని అర్థము కదా! పట్టుకొనునవి అతని భాషలో పనిచేయునవి ఆయెను. ఏకదైవ విశ్వాసి జ్యోతిషమును స్వీకరించుటకు ఎంత జాగ్రత్తపడెనో ఈ పేరు చెప్పుచున్నది.

అతని ‘సంఖ్యా గ్రంథము’ మనకు మఱింత దగ్గఱిది. హీబ్రూలో అక్షరములే సంఖ్యలు. ఆలెఫ్ 1, బేత్ 2 మొదలుగా టేత్ 9 వఱకు, యోద్ 10, కోఫ్ 100, రేష్ 200. 205 అని వ్రాయవలెనన్న రేష్, హే అను రెండక్షరములను చేర్తురు. ఇందు స్థానమునకు విలువ లేదు. ఇబ్న్ ఎజ్రా ఈ ఆచారమును కాదని, భారతదేశ పండితులు సర్వసంఖ్యలను తొమ్మిదింటిపై నిలిపిరని చెప్పి, హీబ్రూ మొదటి తొమ్మిదక్షరములనే తొమ్మిది అంకెలుగా గైకొనెను. మిగిలిన అక్షరములను వదలెను. ఖాళీ స్థానమునకు చిన్న వృత్తమును వ్రాసి దానికి ‘గల్గల్’, అనగా చక్రము, అని పేరు పెట్టెను. 205 ఇప్పుడు బేత్, చక్రము, హే. అక్షరములు పాతవి, రీతి క్రొత్తది. మన కటపయాది పద్ధతిలో కూడ అక్షరములే అంకెలై స్థానమునుబట్టి విలువ పొందును. న, ఞ లు శూన్యమగును. ఈ రెండింటికి సంబంధము కలదని నేననను. దశస్థాన గణన ఏ లిపిలోనైనను ఒదుగునని రెండును వేఱువేఱుగా చూపుచున్నవి. పీసా వాసి లియొనార్డో తన ‘అబాకస్ గ్రంథము’ వ్రాసిన 1202 సంవత్సరమునకు ముందే ఈ హీబ్రూ గ్రంథము వెలసినది.

పీఠికలోని కథ

1160 నాటి పీఠికను పందొమ్మిదవ శతాబ్దమున స్టైన్‌ష్నైడర్ పండితుడు వెలుగులోనికి తెచ్చెను. 1918లో స్మిత్, గిన్స్‌బర్గ్ అనువారు ఆంగ్లమున ప్రచురించిన పిమ్మట ఇది మనదేశమునకు తెలిసినది. దాని సారమిది.

పూర్వము అరబ్బులలో లౌకిక శాస్త్రములు లేవు. అస్ సఫ్ఫాహ్ అను రాజు భారతదేశమున అనేక శాస్త్రములు కలవని వినెను. జంతువుల సంభాషణల రూపమున రాజనీతిని చెప్పు చిత్రసహితమైన గ్రంథమొకటి అచ్చట కలదని తెలిసి, దానిని అరబ్బీ చేయింపగోరెను. కాని పరశాస్త్రమును తెచ్చుటవలన కీడు కలుగునేమోయని భయపడి నలుబది దినములు ఉపవసించి, స్వప్నమున అనుమతి పొందెను. స్వమతస్థుడు అనువదించినచో మరణించునేమోయని శంకించి, రెండు భాషలు తెలిసిన యూదునొకనిని పిలిపించి ఆ పని అప్పగించెను. ఆ గ్రంథమును చూచి ఆశ్చర్యపడి, తక్కిన శాస్త్రములనుగూడ తెలిసికొనగోరి, ఆ యూదునికి ధనమిచ్చి భూమధ్యరేఖపైనున్న అరీన్ నగరమునకు పంపెను. అచ్చట సంవత్సరమంతయు పగలును రాత్రియు సమానము. యూదుడు పెక్కు ఉపాయములు పన్ని, ఒక్క సంవత్సరమునకు మించి నిలుపమని ప్రమాణము చేసి, కంకుడను విద్వాంసుని తోడ్కొనివచ్చెను. కంకుడు తొమ్మిది అంకెలను నేర్పెను. యూదుడు దుబాసియై నిలువగా, కంకుని ముఖమునుండి యాకూబ్ ఇబ్న్ తారిక్ గ్రహగణిత గ్రంథమును అరబ్బీలో వ్రాసికొనెను. అందు 4,32,000 సంవత్సరముల చక్రముననుసరించి గ్రహగతులు చెప్పబడినవి. నియమములే కలవు, కారణములు లేవు.

విద్యార్థులు ఈ కథను పరీక్షింపవలెను. జంతుకథల గ్రంథము ‘కలీలా దిమ్నా’, అనగా మన పంచతంత్రము. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో మన మెఱిగిన కరటక దమనకులే ఆ కలీలా దిమ్నాలు. దానిని అరబ్బీ చేసినవాడు ఇబ్న్ అల్ ముకఫ్ఫా అను పారసీకుడు. అతని మూలము సంస్కృతము కాదు, ఆఱవ శతాబ్దమున బుర్జోయ్ చేసిన పహ్లవీ అనువాదము. యూదుడు అనువదించెననుట సరికాదు. ఇక రాజు. సఫ్ఫాహ్ 750 నుండి 754 వఱకు రాజ్యమేలెను. అరబ్బీ చరిత్రకారులు సిద్ధాంత గ్రంథము వచ్చినది అతని అన్న అల్ మన్సూర్ కాలముననియు, 771 లేక 773 ప్రాంతమున సింధునుండి వచ్చిన రాయబార వర్గముతో ఒక పండితుడు వచ్చెననియు చెప్పుదురు. కంకుని పేరు ఆ వర్గముతో ముడిపడియుండలేదు.

అరీన్ విషయము మఱింత రుచికరమైనది. ఇది ఉజ్జయినియే. ఉజైన్ అను మాటను అరబ్బీలో వ్రాయునపుడు ‘జ’కార వర్ణముపైనుండు చుక్క జాఱిపోయినచో అది ‘ర’కారమగును. ఒక్క బిందువు లోపించుటవలన ఉజ్జయిని అరీన్ ఆయెను. అది భూమధ్యరేఖకు పోవుటకు కారణము మన సిద్ధాంతములలోనే కలదు. మన జ్యోతిష్కులకు ప్రధాన మధ్యాహ్నరేఖ లంక నుండి ఉజ్జయిని మీదుగా మేరువునకు పోవును. నిరక్షరేఖపైనున్నది లంక, ఉజ్జయిని దానికి ఉత్తరమున 23 భాగలకు మించిన దూరమున ఉన్నది. ఒకే రేఖపైనున్న రెండు స్థానములు విదేశీయుల చేతిలో ఒక్కటైపోయినవి. లేఖక దోషమొకటి, భావ దోషమొకటి కలిసి లోకమున లేని నగరమును సృష్టించినవి. నాలుగు శతాబ్దులకు పిమ్మట ఇబ్న్ ఎజ్రా ఆ నగరమునకు ఒక యూదుని పంపుచున్నాడు!

కథలో ప్రతి మలుపునను పేరులేని యూదుడొకడు నిలిచియుండుట గమనింపదగినది. గ్రంథమును అనువదించునది అతడు, ప్రయాణము చేయునది అతడు, కంకునకును అరబ్బులకును నడుమ దుబాసియై కూర్చుండునది అతడు. ఇబ్న్ ఎజ్రా ఇచ్చట తన చిత్రమునే గీసికొనెనని నాకు తోచుచున్నది. అరబ్బీ శాస్త్రమును క్రైస్తవ దేశపు యూదులకు మోసికొనిపోవుచున్న వృద్ధుడు, ఆ శాస్త్రము మొదట అరబ్బులకు చేరిన దినమున గూడ తనవంటివాడొకడు మధ్యనుండెనని నమ్మగోరెను. ఆ కోరిక సహజమైనదే. చరిత్రకు అది ప్రమాణము కానేరదు. కంకుని కథనే మన గణిత ప్రాచీనతకు నిదర్శనముగా చూపువారు ఈ లోపములన్నింటిని గూడ తమ తలకెత్తుకొనుచున్నారు.

వ్యాఖ్యానములోని సాక్ష్యము

ఇక గ్రంథమును చూతము. బ్రహ్మగుప్తుడు 628లో ‘బ్రాహ్మస్ఫుట సిద్ధాంతము’ను, 665లో ‘ఖండఖాద్యకము’ అను కరణ గ్రంథమును రచించెను. సిద్ధాంత శబ్దము అరబ్బీలో ‘సింద్‌హింద్’ ఆయెను. ఆ సంప్రదాయముననుసరించి తొమ్మిదవ శతాబ్దమున అల్ ఖ్వారిజ్మీ పట్టికలు రచించెను. ఆ అరబ్బీ మూలము నేడు లేదు. కార్డోబా నగరమున మస్లమా అల్ మజ్రీతీ (మరణము 1007 ప్రాంతము) వానిని సంస్కరించి, యజ్దగిర్దు శకమునకు మాఱుగా హిజరీ శకమునకు మార్చెను. ఆ సంస్కృత రూపమును బాత్ వాసి అడిలార్డ్ 1126లో లాటిన్ చేసెను. అది మాత్రము మిగిలినది. అనగా మన చేతిలోనున్నది మూలమునకు సంస్కరణము, దానికి అనువాదము. దాని నుండి బ్రహ్మగుప్తుని పోల్చుట సున్నము కొట్టిన గోడపై చిత్రమును వెదకుటవంటిది.

పదవ శతాబ్దమువాడైన ఇబ్న్ అల్ ముసన్నా వ్యాఖ్యానించినది ఈ సంస్కరణమును కాదు, మూలమును. అతని అరబ్బీ వ్యాఖ్యానమును గూడ కాలము హరించినది. కాని దానికి రెండు హీబ్రూ పాఠములు, హ్యూగో అనువాడు చేసిన ఒక లాటిన్ పాఠము మిగిలినవి. హీబ్రూ పాఠములలో ఒకటి ఇబ్న్ ఎజ్రాది, రెండవది అజ్ఞాతకర్తృకము. రెండింటిని బెర్నార్డ్ గోల్డ్‌స్టైన్ 1967లో పరిష్కరించి ఆంగ్లానువాదముతో ప్రకటించెను. మూలము నశించి వ్యాఖ్య మిగిలినపుడు, వ్యాఖ్యలోని ప్రతీకలనుబట్టి మూలపాఠమును పునర్నిర్మించుట సంస్కృత పండితులకు తెలిసిన విద్య. ఇచ్చట చేయవలసినదియు అదే.

మొదటి ఉదాహరణము జ్యాపట్టిక. లాటిన్ పాఠమున త్రిజ్య 60. ఇది గ్రీకు రీతి. దీనినిబట్టి అల్ ఖ్వారిజ్మీ గ్రీకులను అనుసరించెనని చెప్పవలసివచ్చును. కాని ఇబ్న్ అల్ ముసన్నా వ్యాఖ్యనుబట్టి మూలమున త్రిజ్య 150 అని తెలియుచున్నది. 150 ఎచ్చటిది? ‘ఖండఖాద్యకము’నందు 15 భాగల కొకటి చొప్పున ఆఱు జ్యాఖండములు కలవు: 39, 36, 31, 24, 15, 5. వీని మొత్తము 150. అరబ్బీ గ్రంథములలో ఈ ఖండములకు ‘కర్దజా’ అని పేరు. అది మన ‘క్రమజ్యా’ శబ్దమునకు వికృతి. సంఖ్యయు మనదే, పేరును మనదే. 60 అను సంఖ్య తరువాత చేరిన సున్నపు పూత. ఆ పూత వెనుకనున్న రంగును చూపునది ఇబ్న్ ఎజ్రావంటి అనువాదకులు కాపాడిన వ్యాఖ్యానమే.

రెండవ ఉదాహరణము మందఫలములు. ఇవి లాటిన్ పట్టికలలో గూడ మాఱక నిలిచినవి. అందు సూర్యుని పరమ మందఫలము 2 భాగల 14 లిప్తలు. చంద్రునిది 4 భాగల 56 లిప్తలు. టాలెమీ లెక్కలో సూర్యునిది 2 భాగల 23, చంద్రునిది 5 భాగల 1. ‘ఖండఖాద్యకము’న సూర్యునకు చెప్పిన పరమఫలము 134 లిప్తలు, అనగా సరిగా 2 భాగల 14. చంద్రునకు 296, అనగా 4 భాగల 56. ఒక్క లిప్తయు తేడా లేదు. సూర్యునకు 14 భాగల పరిధిని, చంద్రునకు 31 భాగల పరిధిని గైకొని గణించినను ఇవే వచ్చును. విద్యార్థులు స్వయముగా చేసి చూడవచ్చును.

ఇందొక చిక్కు కూడ కలదు, దానిని దాచరాదు. అల్ ఖ్వారిజ్మీ మధ్యమ గ్రహగతులు ‘బ్రాహ్మస్ఫుట సిద్ధాంతము’ననుసరించును. ఆ సిద్ధాంతమున సూర్యుని పరిధి 13 భాగల 40 లిప్తలు. దానినుండి పరమఫలము సుమారు 2 భాగల 10½ లిప్తలు మాత్రమే రావలెను. 2 భాగల 14 వచ్చినది కావున, మధ్యమములు ఒక సంప్రదాయమునుండి, ఫలములు ఆర్ధరాత్రిక సంప్రదాయమునుండి వచ్చినవని ఒప్పుకొనవలెను. సింద్‌హింద్ అనగా ఒకే సంస్కృత గ్రంథమునకు అనువాదమని మన వ్యాసములలో వ్రాయు వాక్యము ఈ లెక్కకు నిలువదు. బాగ్దాదు పండితుల బల్లపై ఒకటికి మించిన భారతీయ సంప్రదాయములు ఉండెను. కంకుని కథ చెప్పలేని విషయమిది. 134 అను సంఖ్య చెప్పుచున్నది.

కారణములు లేవను ఇబ్న్ ఎజ్రా మాట మనవారికి కోపము తెప్పింపవచ్చును. అది విదేశమునకు పోయిన గ్రంథముల విషయమున సత్యమే. కరణ గ్రంథములు నియమములను చెప్పును, ఉపపత్తిని చెప్పవు. ఇబ్న్ అల్ ముసన్నా ఆ లోటును పూరింపదలచి ప్రశ్నోత్తర రూపమున, టాలెమీ రేఖాగణితము సాయమున, భారతీయ నియమములకు కారణములు చెప్పెను. గ్రంథమునకు హీబ్రూలో పేరే ‘పట్టికల కారణములు’. మనదేశమునందును ఆ కాలమున అదే పని జరుగుచుండుట విశేషము. 1150లో ‘సిద్ధాంత శిరోమణి’ని రచించిన భాస్కరాచార్యుడు దానికి తానే వాసనాభాష్యము వ్రాసెను, వాసన యనగా ఉపపత్తియే. మన ఆంధ్రదేశమున 1178 ప్రాంతమువాడైన మల్లికార్జున సూరి ‘సూర్యసిద్ధాంతము’నకు తెలుగునను సంస్కృతమునను వ్యాఖ్యలు వ్రాసెను. ఒకరి పేరు ఒకరు వినని ఈ మువ్వురు ఇరువది ముప్పది యేండ్ల వ్యవధిలో, ఆ గణితమునే తమ తమ చదువరులకు విప్పి చెప్పుచుండిరి.

ద్రేక్కాణముల సంగతి

గణితముతోపాటు ఫలభాగము గూడ ఇబ్న్ ఎజ్రా ద్వారా పశ్చిమమునకు పోయినది. ‘జ్ఞానారంభము’ రెండవ అధ్యాయమున ప్రతి రాశికి మూడేసి ద్రేక్కాణముల రూపములను, అబూ మాషర్ గ్రంథమును అనుసరించి, గ్రీకు, పారసీక, భారతీయ మతములుగా వేఱుపఱచి చెప్పెను. ఈ గ్రంథమును హాజిన్ అను యూదుడు 1273లో మెఖెలెన్ నగరమున హెన్రీ బాట్ అను విద్వాంసుని యింట ప్రాచీన ఫ్రెంచి భాషలోనికి చెప్పగా వ్రాసికొనిరి. దానినుండి 1293లో పీట్రో దాబానో లాటిన్ చేసెను. 1470 ప్రాంతమున ఇటలీలోని ఫెరారా నగరమున స్కిఫనోయా భవనపు గోడలపై నెలల వారీగా చిత్రములు గీయించినపుడు ఈ ద్రేక్కాణ రూపములు వానిలోనికి ఎక్కినవి. ఆ చిత్రములలోని మూర్తులెవరో తెలియక కళాచరిత్రకారులు చాలకాలము తికమకపడిరి. 1912లో వార్‌బర్గ్ పండితుడు అబూ మాషర్, ఇబ్న్ ఎజ్రా గ్రంథముల మీదుగా వానిని వరాహమిహిరుని ‘బృహజ్జాతకము’ వఱకు అనుసరించి చూపెను.

ద్రేక్కాణ శబ్దము స్వయముగా గ్రీకు ‘డెకనొస్’ నుండి మనకు వచ్చినది. లిప్త, కేంద్రము, హోర అనునవియు అట్టివే. కావున ఈ రూపములు పశ్చిమమునుండి వచ్చి, మనయింట క్రొత్త వేషము వేసికొని, తిరిగి పశ్చిమమునకు పోయినవి. మేష ప్రథమ ద్రేక్కాణమున వరాహమిహిరుడు చెప్పినవాడు నల్లనివాడు, ఎఱ్ఱని కన్నులవాడు, నడుమునకు తెల్లని వస్త్రము చుట్టుకొని గండ్రగొడ్డలి ఎత్తి పట్టినవాడు. అబూ మాషర్ చెప్పిన భారతీయ రూపమున మేని నలుపు, కన్నుల ఎఱుపు, త్రాటితో నడుమునకు బిగించిన తెల్లని వస్త్రము, క్రోధము ఉన్నవి, గొడ్డలి లేదు. ఫెరారా గోడపై మార్చి నెల చిత్రములో నల్లని మనుష్యుడొకడు, నడుమునకు త్రాడు కట్టుకొని, ఆ త్రాటి కొనను చేత పట్టుకొని నేటికిని నిలుచున్నాడు.